నీళ్ల దేశంలో ఇల్లుబండి

మంట కాస్త ఎగదోయి నాయనా. ఆ మొద్దు ఇంకా అంటుకోలేదు. చెనిక్కాయలు కాల్చాలంటే నిప్పులు బాగా పడల్ల, అంతలోపల ఈ ముచ్చట చెప్పేస్తా. నిన్న టీవీలో పొయ్యీ మంచమూ పెట్టుకోని రోడ్డు మీద పోయే బండిని చూసి, అట్లాంటి దాంట్లో మనుషులు నిజంగా ఉంటారా తాతా అని అడిగితివి కదా పాపా. ఉంటారు. నేనూ మీ జేజీ ఉంటిమి. ఒక దేశం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆ బండిలోనే వండుకుంటా, పండుకుంటా తిరిగితిమి. 2006వ సంవత్సరం, సెప్టెంబరు నెల. మీరింకా పుట్టలేదు.

మీ చిన్నాయన అప్పుడు జర్మనీలో, మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తా ఉండె. మమ్మల్ని పిలిపించుకున్నాడు. పారిస్ చూపిస్తా, రోమ్ చూపిస్తా అన్నాడు. నేను వద్దంటి. బడిలో భూగోళం చెప్పినోణ్ని, పెద్ద పట్నాలను పటంలో శానా సార్లు చూపించినా. నా మనసులో ఉండేది ఒక చిన్న దేశం. నేను అయివారుగా చేరినప్పుడు అది పటంలోనే లేదు. యుగోస్లావియా అని అంతా ఒకే రంగు వేసి ఉండె. మన నెహ్రూ, ఈజిప్టు నాసర్, యుగోస్లావియా టిటో కలిసి అలీనోద్యమం నడిపినారని పిల్లలతో వల్లె వేయించినా. ఆ యుగోస్లావియాలో నుంచి 1991 జూన్ 25న స్లొవేనియా విడిపోయింది. పది దినాల యుద్ధం జరిగింది. పక్కనుండే క్రొయేషియా, బోస్నియా ఏండ్ల తరబడి నెత్తురు కార్చినాయి. ఈ చిన్న దేశం మాత్రం పది దినాలకే బయటపడింది. అది ఎట్ల బతుకుతా ఉందో కండ్లారా చూడల్లని నా ఆశ.

ఎంత చిన్నదో చెప్తా విను. స్లొవేనియా 20,273 చదరపు కిలోమీటర్లు. పుట్టపర్తి వేరే జిల్లా కాకముందు మన అనంతపురం జిల్లా 19,130. అంటే మన పాత జిల్లాకు నాలుగైదు మండలాలు కలిపితే ఆ దేశం. జనం 20 లక్షలు. మన జిల్లాలో 2011 లెక్కల్లోనే 40 లక్షలు దాటినారు. అంత చిన్న నేలలో మంచు కొండలున్నాయి, సముద్రముంది, భూమి కింద పారే నదులున్నాయి. వానలో మాత్రం వాళ్లకూ మనకూ పొత్తు లేదు. జైసల్మేరు తరువాత దేశంలో ఇంత తక్కువ వాన పడే జిల్లా మనదే అని చెప్తారు కదా, ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే మనకు మంచి ఏడాది. వాళ్ల పడమటి కొండల్లో 2,500 మిల్లీమీటర్లు దాటి పడతాది. నేను ఆ దేశంలో చూసిందంతా ఆ నీళ్లే నాయనా. ఇంకెవరైనా పోయుంటే కోటలు చూసుంటారు, చర్చీలు చూసుంటారు. కరువు సీమోడు పోతే చూసేది నీళ్లనే.

ఇప్పుడు బండి సంగతి. మ్యూనిక్‌లో బాడిగకు తీసుకుంటిమి. ముందర ఫియట్ వ్యాను, వెనక తెల్ల పెట్టె కట్టిన ఇల్లు. డ్రైవరు నెత్తి మీద ఒక మంచం, దానికి చిన్న నిచ్చెన. వెనక ఇంకో మంచం. మధ్యలో బల్ల. మూడు మంటల గ్యాసు పొయ్యి. చిన్న ఫ్రిజ్జు, అది బండి పోతా ఉంటే బండి కరెంటుతో నడుస్తాది, ఎక్కడన్నా నిలబెడితే గ్యాసుతో నడుస్తాది, క్యాంపులో తీగ తగిలిస్తే ఆ కరెంటుతో నడుస్తాది. మూడున్నర టన్నుల లోపల బండి అయితే మామూలు కారు లైసెన్సే చాలు. బండి ఎత్తు మూడు మీటర్లకు దగ్గర ఉండె. ఆ ఎత్తు ఎంతో చీటీ రాసి స్టీరింగు కాడ అంటించుకున్నాడు మీ చిన్నాయన. వంతెన కిందికో చెట్ల కిందికో పోయేటప్పుడు ఆ చీటీ చూసుకోవల్ల. ఇంకో సంగతి, ఆ బండి పుట్టిల్లు కూడా స్లొవేనియానే. నోవో మెస్తో అనే ఊర్లో ఆద్రియా ఫ్యాక్టరీ ఉంది. 1965 నుంచి ఆడ చక్రాల ఇండ్లు తయారు చేసి ఐరోపా అంతా అమ్ముతా ఉన్నారు.

బండి కింద మంచినీళ్ల తొట్టి ఉంటాది. నూరు లీటర్లు పడతాది. గిన్నెలు కడిగిన నీళ్లు, మొహం కడిగిన నీళ్లు రోడ్డు మీదికి వదిలేదానికి లేదు. అవి ఇంకో తొట్టిలో చేరతాయి. దొడ్డికి పోయింది వేరే డబ్బాలో చేరతాది. దాన్ని బయటికి లాగి, క్యాంపులో అందుకోసమే కట్టిన చోట గుమ్మరించి, కడిగి మళ్ల పెట్టల్ల. ఆ పని నేనూ మీ చిన్నాయనా పొద్దున్నే వంతులేసుకోని చేస్తిమి. తలుపు కాడ ఒక చిన్న పలక ఉంటాది, మీట నొక్కితే తొట్టిలో నీళ్లు ఎంత ఉన్నాయో దీపాలు చూపిస్తాయి.

నూరు లీటర్లు, మీ చిన్నాయనా చిన్నమ్మతో కలిపి నలుగురు మనుషులు. మొదటి దినమే మీ చిన్నమ్మ తలకు పోసుకుంటే పలకలో సగం దీపాలు ఆరిపోయినాయి. ఆ పూటే మీ జేజి నీళ్ల పెత్తనం తన చేతికి తీసుకుంది. ఆమెకు ఎవరు నేర్పల్ల చెప్పు? బోరు అడుగంటి ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టిన మనిషి. సత్యసాయి నీళ్ల పథకం 1995లో వచ్చేదాకా మన చుట్టూ పల్లెల్లో తాగే నీళ్ల కోసం ఆడోళ్లు పడిన కష్టం మీ నాయననడుగు, చెప్తాడు. బియ్యం కడిగిన నీళ్లలో కూరగాయలు, కూరగాయలు కడిగిన నీళ్లతో గిన్నెల తొలి కడుగు. తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకోని, క్యాంపు చేరినాకే స్నానం. దాంతో తొట్టి మూడు దినాలొచ్చె. మ్యూనిక్‌లో కొళాయి తిప్పితే వచ్చే నీళ్లకు అలవాటు పడిన మీ చిన్నమ్మ, అత్త చేసే పని చూసి చూసి, కడకు తానే ఆమెకంటే పొదుపుగా వాడబట్టింది. నీళ్లు లీటర్లలో కనబడితే మనిషి వాడే తీరు దానంతటదే మారిపోతాది. ఇది నేను ఆ బండిలో కండ్లారా చూసిన మాట.

యాడంటే ఆడ బండి నిలిపి పండుకునేదానికి ఆ దేశంలో చట్టం ఒప్పుకోదు. క్యాంపుల్లోనో, చోటు ఇచ్చే రైతుల ఇండ్లకాడనో ఉండల్ల. అది మంచిదే. లేకుంటే ఆ ఏట్లు ఇట్ల మిగిలుండవు.

ఆస్ట్రియా దాటినాక కరవాంకె కొండల కింద సొరంగం వస్తాది. 1991లో తెరిచినారు, ఎనిమిది కిలోమీటర్లకు కాస్త తక్కువ. చీకట్లో పోయి పోయి బయటికొస్తే స్లొవేనియా. అప్పుడు సరిహద్దులో పోలీసులు ఉండిరి. ఒకే వీసాతో తిరిగే షెంగెన్ దేశాల్లో వాళ్లు చేరింది 2007 డిసెంబరులో. అందుకని మాకు స్లొవేనియాకు వేరే వీసా, తిరిగి జర్మనీకి వచ్చేదానికి పనికొచ్చే వీసా, రెండూ కావల్సొచ్చె. పాసుపోర్టులు చూసి, లోపల మా నలుగురినీ చూసి ముద్ర వేసినారు. యూరో కూడా అప్పటికి రాలేదు. తోలార్ అని వాళ్ల డబ్బు. ఒక యూరోకు 239.64 తోలార్లు. మూడు నాలుగు నెలలు పోతే కొత్త ఏడాదికి యూరో వస్తుందని అంగళ్లలో ప్రతి సరుకు మీదా రెండు ధరలు రాసి పెట్టిండిరి. నేను పోయింది ఆ దేశం పాత డబ్బు చేతిలో మెదిలిన చివరి నెలల్లో.

మొదట బ్లెడ్ చెరువు. దాని మధ్యలో దీవి, దీవి మీద చర్చి, పడవ దిగినాక 99 మెట్లు. గుడ్డు మీగడ కలిపి చేసే క్రెమ్‌ష్నిత అనే మిఠాయి అక్కడ 1953 నుంచి పేరుపడింది. టిటో వేసవి విడిది కూడా ఆ గట్టు మీదే ఉంది. అందరూ చూసే చోటు, అందంగానే ఉంది, ఫొటోలు మీ నాయన పెట్టెలో ఉంటాయి చూసుకోండి.

నాకు బాగా పట్టింది ఆ పైనుండే బోహిన్ లోయ. ఆడ పొలాల్లో కట్టెలతో పెద్ద పెద్ద నిలువు చట్రాలు నిలబెట్టి, పైన కప్పు వేసి ఉంటారు. కొజోలెత్స్ అంటారు. అడ్డ దూలాల మీద కోసిన పచ్చిగడ్డిని ఆరేసుంటారు. ఎందుకప్పా నేల మీద ఎండబెట్టకుండా ఇంత కష్టం అని నాకు తోచలేదు. ఆ రాత్రి ఒక రైతు ఇంటి పెరట్లో బండి నిలిపేదానికి చోటు దొరికింది. వాళ్లు వచ్చినోళ్లకు కూడు కూడా పెడతారు. ఆ పెద్దాయనకు జర్మను వచ్చు, మీ చిన్నాయన మధ్యలో తెలుగు చేసి చెప్తా ఉండె. ఈడ నేల మీద గడ్డి వేస్తే ఎండే లోపల మళ్ల వాన వస్తాది, కుళ్లిపోతాది, అందుకే గాలికి వేలాడదీస్తాం అన్నాడు. మన కల్లంలో గడ్డి ఒక్క ఎండకే పెళపెళమంటాది, వామి వేసేటప్పుడు ఒక్క చినుకు పడినా పండగ మనకు. నేనా మాట చెప్తే ఆయన శానాసేపు ఊరికే ఉన్నాడు. తరువాత, మీ ఊర్లో బావి ఎంత లోతు అని అడిగినాడు. వందల అడుగుల బోర్ల లెక్క చెప్తే తన పెండ్లాన్ని పిలిచి మళ్ల ఒకసారి నాతో చెప్పించినాడు.

ఇండియా అనంగానే నెహ్రూ అన్నాడాయన. ఇందిరా అన్నాడు. చిన్నప్పుడు బడిలో చదువుకున్నాడంట. అక్కడి బడిలో ఆయన, ఇక్కడి బడిలో నేను, ఒకే పాఠం. ఇద్దరం గోడకు వీపు ఆనించుకోని ఆ పాత పేర్లన్నీ తలుచుకుంటిమి. యుగోస్లావియా పోయినందుకు బాధ ఉందా అని నేను అడిగితే, పోయిన దేశంలో నా వయసు ఉంది కదా అని ఒక్క మాట అన్నాడు.

ఆ ఇంట్లో వాళ్లు పెట్టిన కూడు చూసి మీ జేజి నా చెయ్యి గిల్లింది. అయ్‌దొవి జ్గాంత్సి అంటారు. ఎసట్లో బక్వీట్ పిండి పోసి, ఉడికినాక కట్టెతో కెలికి, ముద్దగా, పొడిగా విడగొడతారు. దాని మీద పులిసిన పాలు. అచ్చం మన సంగటీ మజ్జిగే. అందులో పంది కొవ్వు వేసేది వాళ్ల వాడుక, మాకు వద్దంటే తీసేసి ఇచ్చినారు. మీ జేజి బండిలోనుంచి ఊరిబిండి తెచ్చి ఆ ఇంటామెకు పెట్టింది. కారానికి కండ్లలో నీళ్లు తిరిగినా ఆమె గిన్నె కింద పెట్టలేదు.

ఆ ఇంటి వెనకాల తేనెపెట్టెలు ఉండె. ఒక్కోదాని ముందర ఒక్కో బొమ్మ గీసిన పలక. ఒకదాని మీద అడవి జంతువులన్నీ కలిసి చచ్చిపోయిన వేటగాణ్ని మోసుకోని పోతా ఉన్నాయి. ఇప్పుడు మే 20న ప్రపంచ తేనెటీగల దినం చేస్తారు చూడండి, అది స్లొవేనియా అడిగితే ఐక్యరాజ్యసమితి 2017లో ఒప్పుకున్నది. ఆంతోన్ యాంషా అని 1734లో ఆ సీమలో పుట్టిన మనిషి, వియన్నాలో మహారాణి మరియా థెరీసా పెట్టిన తేనెటీగల బడిలో మొదటి అయివారు. ఆయన గుర్తుగా ఆ దినం.

ఇంక అసలు దారికొస్తాం. వర్షిచ్ కనుమ. 1,611 మీటర్ల ఎత్తు. ఎక్కేదానికీ దిగేదానికీ కలిపి 50 వంకర మలుపులు, ప్రతి మలుపు కాడా నెంబరూ ఎత్తూ రాసిన పలక. ఇటు పక్క మలుపుల్లో తారు కాదు, రాళ్లు పరిచి ఉంటారు. చక్రాలు ఆ రాళ్ల మీద ఎక్కితే బండిలోని గిన్నెలన్నీ మోగేవి. మీ చిన్నాయన ఒక్క మాట మాట్లాడకుండా మొదటి గేరులో తోలినాడు. మీ జేజి కండ్లు మూసుకోని కదిరి నరసింహస్వామిని తలుచుకుంటా ఉన్నింది. ఎదురుగా ఇంకో బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి తీయల్ల. కొండెక్కే బండికి దిగే బండి దారి ఇవ్వడం అక్కడ మర్యాద.

ఆ రోడ్డు వేసింది ఎవరనుకుంటిరి? మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా వాళ్లకు చిక్కిన రష్యా ఖైదీలు. 1915, 16 సంవత్సరాల్లో. దాదాపు 10,000 మందిని తెచ్చి, సోచా నది కాడ ఇటలీతో జరిగే యుద్ధానికి సరుకులు పోవల్లని చలిలో ఆ కొండను తొలిపించినారు. 1916 మార్చి 8న పైనుంచి మంచు విరిగి పడింది. ఖైదీలు, కావలివాళ్లు, ఎందరో దాని కింద పోయినారు. బతికినోళ్లు చచ్చినోళ్ల కోసం కట్టెతో చిన్న చర్చి కట్టుకున్నారు. ఎనిమిదో మలుపు కాడ ఉంది. బండి పక్కకు నిలిపి మేం నలుగురం దాని దాకా నడిచిపోయినాం. రెండు చిన్న గోపురాలు, చుట్టూ పైన్ చెట్లు. మనం ఇప్పుడు అందం చూసేదానికి పోయే రోడ్డు, వాళ్లు ఊరి పేరు కూడా చెప్పుకోలేక చచ్చిపోతా వేసిన రోడ్డు. ఆ మాట పిల్లలకు చెప్పకుండా ఎవరైనా ఆ కనుమ దాటిస్తే అది తప్పు అంటాను నేను.

కనుమ దిగితే సోచా నది పుట్టే చోటు. ఆ నీళ్ల రంగు నేను ఎట్ల చెప్పేది? పచ్చ, నీలం, రెండూ కలిసి, అడుగున రాయి రాయీ కనబడతాది. సున్నపురాయి కొండల నుంచి వచ్చే నీళ్లు కాబట్టి ఆ రంగు. నేను చెప్పులు విప్పి కాళ్లు పెట్టినా. ఎముకలు కొరికే చలి. మీ జేజి చెంగు తడుపుకోని మొహం మీద పెట్టుకుంది. చుట్టూ పెద్ద బండలు, వాటి మధ్య ఎవరూ కట్టని, ఎవరూ మళ్లించని నీళ్లు ఊరికే పోతా ఉన్నాయి. మన పెన్నలో ఇసుకే చూసి పెరిగినోళ్లం కదా, ఊరికే పోయే నీళ్లను చూస్తా ఉంటే నాకు ఆనందమూ, దాని వెనకనే ఒక కడుపుమంటా, రెండూ వచ్చె.

ఆ ఏటి గట్టునే మనుషులు లక్షల్లో చచ్చినారు. 1915 నుంచి 1917 దాకా పన్నెండు యుద్ధాలు ఆ ఒక్క లోయలో. పన్నెండోది 1917 అక్టోబరు 24న కొబరిద్ అనే ఊరికాడ మొదలయింది. ఇటలీ వాళ్లు దాన్ని కపొరెత్తొ అంటారు, ఆ పేరు వింటేనే ఓటమి గుర్తొస్తాది వాళ్లకు. హెమింగ్వే రాసిన ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్ నవలలో ఇటలీ సైన్యం వెనక్కి పారిపోయేది ఆ ఓటమి గురించే. ఊరి పైన గుట్ట మీద మూడంతస్తుల రాతి కట్టడం ఉంది. దాంట్లో 7,000 మందికి పైగా ఇటలీ సిపాయిల ఎముకలు ఉన్నాయి. పేర్లు చెక్కి ఉన్నాయి. పేరు తెలీనోళ్లు కూడా శానా మంది ఉన్నారు. కింద ఊర్లో మ్యూజియం ఉంది, 1990లో పెట్టింది. ఎవరు గెలిచినారని దాంట్లో చెప్పరు. రెండు పక్కల సిపాయిలు ఏం తిన్నారు, ఎట్ల వణికినారు, ఇంటికేం రాసినారు, అది చూపిస్తారు. నేను చూసిన మ్యూజియంలలో అంత నిజాయితీగా యుద్ధాన్ని చూపించింది ఇంకోటి లేదు.

ఆ ఏటెంబడే దిగువకు పోతే సొల్కాన్ వంతెన. రైలు వంతెనల్లో లోకంలో అన్నిటికంటే పెద్ద రాతి కమాను, 85 మీటర్లు. 1906లో తెరిచినారు, పదేండ్లకు యుద్ధంలో పేల్చేసినారు, మళ్ల 1927 నాటికి రాయి రాయీ పేర్చి నిలబెట్టినారు.

దాని తరువాత నేల రంగే మారిపోతాది. క్రాస్ అంటారు ఆ సీమను. అంతా సున్నపురాయి. వాన పడతాది, కానీ పడిన నీళ్లు పడినట్లే రాతి సందుల్లోకి దిగిపోతాయి. పైన ఏరు లేదు, వాగు లేదు. నాకు ఆ సీమ చూస్తూనే ఇంటికొచ్చినట్లు అనిపించింది. ఆ పల్లెల్లో ప్రతి పాత ఇంటి ముందరా చెక్కిన రాతి ఒరతో ఒక తొట్టి బావి ఉంటాది. ఇంటి కప్పు మీద పడిన వానంతా రాతి దోనెల గుండా దాంట్లోకి పోతాది. ఏడాదంతా ఆ ఇంటికి అవే నీళ్లు. ఒర మీద పువ్వులు, ఏండ్లు చెక్కి ఉంటారు. మీ జేజి ఒక్కో ఒర కాడా నిలబడి చేత్తో తడిమి చూసింది. తాడు రాసుకోని రాతిలో పడిన గాట్లు ఉన్నాయి. ఆడోళ్ల పని ఎంత కాలం జరిగిందో ఆ గాట్లే చెప్తాయి అన్నది.

పైన లేని నీళ్లు కింద ఎట్ల ఉన్నాయో చూడాలంటే ష్కొత్సియాన్ గుహలకు పోవల్ల. రేకా అనే ఏరు పెద్ద కొండ నోట్లోకి దూరి పోతాది. లోపల గుహలో దాని మీద 45 మీటర్ల ఎత్తున వంతెన. మెట్లు వందల్లో ఉంటే మీ జేజీ చిన్నమ్మా పైనే ఉండిపోయినారు. నేనూ మీ చిన్నాయనా పోయినాం. కింద చీకట్లో ఏరు మొరుస్తా ఉంటాది, కనబడదు. ఆ ఏరు 30 కిలోమీటర్లకు పైగా భూమి కిందనే పోయి ఇటలీలో బయటికొస్తాది. యునెస్కో 1986లోనే దాన్ని లోకం ఆస్తి అని రాసుకుంది. పోస్తొయ్‌నా గుహలు ఇంకా పేరుపడినవి, వాటి లోపల 1872లోనే రైలు పట్టాలు వేసినారు, కానీ నా ఓటు ష్కొత్సియాన్‌కే.

పిరాన్ కాడ సముద్రం ఒడ్డున సెచొవ్ల్యె ఉప్పు మడులు చూసినాం. ఏడు వందల ఏండ్లకు పైగా ఉప్పు తీస్తా ఉన్నారు. మడి అడుగున పాచి లాంటి పొరను మనుషులే పెంచి కాపాడతారు, దాంతో ఉప్పులో బురద కలవదు. కట్టె పారలతో లాగి కుప్పలు వేస్తారు. అక్కడ కొన్న ఉప్పు మన ఇంట్లో శానా నెలలు వాడినాం.

ఇంక చెర్క్‌నిత్స. దీన్ని జాగ్రత్తగా వినండి.

అది ఒక చెరువు. నిండితే పది కిలోమీటర్ల పొడవు, నాలుగైదు కిలోమీటర్ల వెడల్పు. దేశంలో అంత పెద్ద చెరువు ఇంకోటి లేదు. మేం పోయినప్పుడు దాంట్లో నీళ్లు లేవు. పడవలు గడ్డి మీద పడుకోని ఉన్నాయి. గొడ్లు మేస్తా ఉన్నాయి. ఒకతను ట్రాక్టరుతో గడ్డి కోస్తా ఉన్నాడు. మీ జేజి చూసి, అయ్యో, ఈళ్లకూ చెరువు ఎండిపోయిందే అన్నది. మా ఇద్దరికీ బుక్కపట్నం చెరువు కండ్ల ముందరికొచ్చె. కరువు దినాల్లో ఆ చెరువులో పగిలిన నేల మీద నిలబడి ఎంతమంది రైతులు ఆకాశం చూసినారో నాకు తెలుసు.

కానీ ఆ మనిషి మొహంలో ఏ దిగులూ లేదు. ఇది ప్రతి ఏడూ ఎండుతాది, ప్రతి ఏడూ నిండుతాది అన్నాడు. ఆ నేలలో పెద్ద పెద్ద బొక్కలున్నాయి. ఎండాకాలంలో నీళ్లు వాటి గుండా కొన్ని వారాల్లో భూమి కిందికి దిగిపోతాయి. శీతాకాలం ముందర గట్టి వానలు పడితే అవే బొక్కల్లోనుంచి, చుట్టూ గుహల్లోనుంచి నీళ్లు పైకి తన్నుకోని వచ్చి కొన్ని దినాల్లోనే చెరువు నిండిపోతాది. గడ్డి కోసిన చోటే చేపలు పడతారు. ఒకే చేను, ఒకే ఏడు. వల్వజోర్ అని 17వ శతాబ్దం మనిషి ఈ చెరువు నీళ్ల తీరు ఎట్లా అని లెక్కగట్టి రాసి లండన్ రాయల్ సొసైటీకి పంపితే, 1687లో ఆయన్ను వాళ్లలో సభ్యునిగా తీసుకున్నారు. తన సీమ గురించి 1689లో పెద్ద గ్రంథం అచ్చేసినాడు. ఆ అచ్చు ఖర్చులకు కోటను అమ్ముకున్నాడు. అయివారిగా నేను ఎవరికైనా దండం పెట్టల్లంటే ఆయనకు పెడతా.

దిగిపోయిన నీళ్లు యాడికి పోతాయో కూడా చెప్పినాడా రైతు. కొండ కింద పోయి ఇంకో పేరుతో పైకి వస్తాయి, మళ్ల మునుగుతాయి, మళ్ల ఇంకో పేరు. అట్ల ఏడు పేర్లు మార్చుకోని కడకు ల్యుబ్‌ల్యానిత్స నదిగా రాజధాని మధ్యలో పారతాయి. ఆయన చేలో ఇంకిన నీళ్లనే ఊరోళ్లు వంతెన మీద నిలబడి చూస్తారు.

నేను ఆయన్ను ఒక మాట అడిగినా. ఏ ఏడైనా నిండకపోతే? ఆయనకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. మీ చిన్నాయన రెండోసారి చెప్పినాడు. అప్పుడన్నాడు, కొన్ని ఏండ్లు తక్కువ నిండుతాది, కొన్ని ఏండ్లు ఎండకుండానే ఉంటాది, అట్లని రాకుండా ఎప్పుడూ లేదు అని. ఆ నమ్మకం చూసి నేను అసూయ పడినా నాయనా, దాపరికం లేదు. మన సీమ రైతుకు తెలివి తక్కువా? కష్టం తక్కువా? ఆ ఒక్క మాట, రాకుండా ఎప్పుడూ లేదు అనే మాట, అది మనకు లేదు. మన ముందరి తరాలు చెరువులు ఎందుకు తవ్వినారో, ఒక్కో కట్ట మీద ఎంత మంది చేతులు పడినాయో నాకు ఆ గడ్డి మీద నిలబడినప్పుడు ఇంకా బాగా తెలిసె. వాళ్లకు కొండ ఇచ్చిన చెరువు. మనకు మనుషులు ఇచ్చుకున్న చెరువులు. వాటిని పూడిపోనిచ్చినాం మనం.

రాజధాని ల్యుబ్‌ల్యానా చూసినాం. ప్లెచ్నిక్ అనే ఒక్క వాస్తుశిల్పి వంతెనలు, అంగడి, గ్రంథాలయం, ఊరి రూపమంతా మార్చినాడు. మంచి ఊరు. కానీ నా మనసు ఆ ఎండిన చెరువు కాడనే ఉండిపోయింది, ఎక్కువ చెప్పలేను.

తిరిగొచ్చినాక కూడా నేను ఆ దేశం సంగతులు వదలలేదు. 2016 నవంబరులో వాళ్ల పార్లమెంటు తాగే నీళ్లు మనిషి హక్కు అని రాజ్యాంగంలో రాసింది. నీళ్లు ముందు జనం దప్పికకు, అమ్ముకునే సరుకు కాదు అని. 64 మంది చేతులెత్తినారు, ఎదురు ఒక్క ఓటు లేదు. అన్ని నీళ్లుండే దేశం ఆ మాట రాసుకుంది చూడు. 2021 జులైలో ఏట్ల గట్లన, సముద్రం ఒడ్డున కట్టడాలకు దారి తీసే చట్టమొకటి వస్తే, జనమే ఓటుకు పట్టుబట్టినారు. ఓటేసినోళ్లలో నూటికి 86 మందికి పైగా వద్దన్నారు. మీ చిన్నాయన ఫోను చేసి చెప్పినాడు ఆ రాత్రి. మీ జేజి విని, ఆ తేనెపెట్టెల పెద్దాయన కూడా వద్దనే వేసుంటాడు అన్నది.

మీరు పెద్దయి పోతే ఎండాకాలం కాకుండా వానలైనాక పోండి, చెర్క్‌నిత్స నిండుగా ఉంటాది. కనుమ మాత్రం చలికాలంలో మంచుకు మూసేస్తారు, కాబట్టి చుట్టు తిరిగి పోవల్ల. ఇప్పుడు తోలార్లు లేవు, టోల్ గేట్లు కూడా శానా మటుకు తీసేసినారు, పెద్ద రోడ్డెక్కాలంటే ముందుగానే రుసుము కట్టల్ల. బండి తీసుకునేటప్పుడు తొట్టి ఎన్ని లీటర్లో మొదట అడగండి.